గుమ్మంలో నిలబడి అడిగేది అనుమతి కాదు

సంపాదకులకు నమస్కారం.

సెలవులొచ్చినా, ఎవరైనా భోజనానికి పిలిచినా పెంపుడు జంతువులున్న ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న దాన్ని ఎవరి దగ్గర వదలాలన్నది. తేల్చుకోలేక చాలామంది వెంటబెట్టుకుని వెళ్లిపోతున్నారు. తలుపు తీసేసరికి ఎదురుగా కుక్క. ‘మావాడు ఎవర్నీ ఏమీ అనడు లెండి’ అంటారు వచ్చినవాళ్లు. ‘అయ్యో, ఫర్వాలేదు’ అంటారు ఇంటివాళ్లు. ఆ ‘ఫర్వాలేదు’ను అనుమతిగా లెక్కవేయకూడదన్నది ఈ ఉత్తరం రాయడానికి కారణం. ఇంటికి వచ్చిన మనిషిని వెనక్కి పంపలేక అన్న మాట అది. అడిగితే బయల్దేరకముందే అడగాలి, అవతలివారు కాదనడానికి వీలుండేలా అడగాలి. జంతువుల వైద్యం చేసేవారిగా మేం తరచూ చూసే గొడవల్లో చాలావరకు ఈ ఒక్క జాగ్రత్తతో ఆగిపోతాయి.

మూడు నాలుగు రోజుల ముందు అడిగితే మంచిది. ఫోన్ చేసి అడిగే కంటే మెసేజ్ పెట్టడం మేలు. ఫోన్‌లో అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సి వస్తుంది. మెసేజ్ అయితే ఇంట్లో అందర్నీ అడిగి చెప్పవచ్చు. ఆ ఇంట్లో ఒకరికి కుక్కలంటే ప్రాణం కావచ్చు, ఇంకొకరికి వణుకు కావచ్చు. పిలిచినవారు ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టు కాదు. అడిగేటప్పుడే దాని వయసు, సైజు, ఇంట్లో మూత్రం పోసే అలవాటు ఉందా, పిల్లలతో ఎలా ఉంటుంది, టీకాలు ఎప్పుడు వేయించారు, ఎప్పుడైనా ఎవరి మీదైనా గుర్రుమందా అన్నవి దాచకుండా చెప్పాలి. ‘మీకు ఇబ్బందైతే దాన్ని వేరేచోట ఉంచే ఏర్పాటు ఉంది’ అన్న మాట కూడా చేర్చాలి, ఆ ఏర్పాటు నిజంగానే చేసుకుని ఉండాలి. వద్దన్న జవాబు వస్తే కారణం అడగొద్దు, రెండోసారి బతిమాలొద్దు.

కారణాల్లో అందరూ తేలిగ్గా తీసిపారేసేది ఎలర్జీ. ‘వచ్చేటప్పుడు దువ్వి తెస్తాం, బొచ్చు రాలదు’ అంటుంటారు. ఎలర్జీ తెచ్చేది బొచ్చు కాదు. పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల్లోనూ తయారయ్యే ఫెల్ డి 1 అనే ప్రోటీన్ వల్ల వస్తుంది. పిల్లి ఒళ్లు నాకుకున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుంటుంది, ఎండి సన్నటి పొడిగా గాల్లోకి లేస్తుంది. ఆ కణాలు ఎంత చిన్నవంటే గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి. తర్వాత సోఫాలోకి, పరుపులోకి, కర్టెన్లలోకి చేరతాయి. పిల్లిని ఇంట్లోంచి పంపేసిన తర్వాత కూడా దాని ఎలర్జీ కారకాలు నెలల తరబడి మిగిలి ఉంటాయి. అందుకే ‘వేరే గదిలో పెట్టి తలుపు వేస్తాం’ అన్నది ఉబ్బసం ఉన్న ఇంటికి పరిష్కారం కాదు. కుక్కల విషయంలోనూ ఎలర్జీ అసలే రాని జాతి అంటూ ఏదీ లేదు. బొచ్చు తక్కువ రాలే జాతికీ లాలాజలం ఉంటుంది, చర్మపు పొట్టు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారింటికి జంతువును ఇంటి దగ్గరే వదిలి వెళ్తున్నా సరే, దాన్ని ఒళ్లో పెట్టుకున్న బట్టలు మార్చుకుని వెళ్లండి. ఈ కారకాలు బట్టల మీద కూడా ప్రయాణిస్తాయి. ‘ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుందిగా’ అని అతిథి అనకూడదు. మాత్ర వేసుకోవాలో వద్దో ఆ మనిషికి, ఆ మనిషి డాక్టరుకు వదిలేయాలి.

రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లున్న ఇల్లు మరో సంగతి. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ప్లీహం తీసేసినవారు ఉంటే కుక్క నాకడం కూడా చిన్న విషయం కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోట్లో మామూలుగానే ఉండే కాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా చిన్న గాయంలోంచి ఒంట్లోకి వెళ్తే వీళ్లకు ప్రాణాంతకం కావచ్చు. పిల్లి గోటి గీతతో బార్టొనెల్లా అనే మరో బ్యాక్టీరియా సోకవచ్చు. రక్తం పలచబడే మందులు వాడే పెద్దలకు చిన్న గీత నుంచి కూడా రక్తం త్వరగా ఆగదు. చేతికర్రతో నడిచేవారి కాళ్లకు కుక్క అడ్డం తిరిగితే తుంటి ఎముక విరగడానికి అదొక్కటే చాలు. గర్భిణులున్న ఇంటికి పిల్లిని తీసుకెళ్తే అది మలమూత్రాలు పోసే ట్రే శుభ్రం చేసే పని వారికి ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా పరాన్నజీవి పిల్లి మలంలో బయటికి వచ్చాక 1 నుంచి 5 రోజుల్లో అంటుకునే దశకు చేరుతుంది. పిల్లిని తెచ్చినవారే ప్రతిరోజూ ట్రే ఖాళీ చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

భయం సంగతీ ఇంతే. కుక్కకు భయపడే పిల్లను ‘ఒకసారి ముట్టుకో, భయం పోతుంది’ అని లాక్కురావద్దు, భయం ఇంకా గట్టిపడుతుంది. పైగా బెదిరి కేకవేస్తూ పరుగెత్తే పిల్లను తరమడం కుక్కకు సహజం.

టీకాల గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మొదటిసారి రేబిస్ టీకా వేయించిన మర్నాటికే రక్షణ వచ్చేయదు, సుమారు 28 రోజులు పడుతుంది. కుక్కపిల్లకు పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు వేసే టీకాల వరుస 16 వారాల వయసు దాకా సాగుతుంది. అది పూర్తి కాకుండా వేరే కుక్కలు తిరిగే ఇంటికి తీసుకెళ్తే ముప్పు మీ కుక్కపిల్లకే. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. పిడుదులకు, బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులకు మందు ప్రయాణానికి వారం ముందే వేయించాలి. ఫ్లీ గుడ్లు కుక్క ఒంటి మీద నిలవవు, జారిపోయి ఎక్కడ పడితే అక్కడ, అంటే అవతలివారి తివాచీలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పురుగులు గూడు కట్టుకున్న దశలో నెలలపాటు దాక్కుంటాయి. మీరు వెళ్లిపోయిన చాన్నాళ్లకు వాళ్ల కాళ్లను కుడతాయి. ఇంకో మాట. కుక్కలకు వాడే ఇలాంటి కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లులకు విషం. పిల్లి ఉన్న ఇంటికి వెళ్తున్నట్టయితే పశువైద్యుడికి ఆ సంగతి చెప్పి వేరే మందు అడగండి.

ఇక వెళ్లాక మొదటి అరగంట గురించి. చెడేదంతా దాదాపు అప్పుడే చెడుతుంది, కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లోకి వెళ్లేముందు బయట అరగంట, నలభై నిమిషాలు నడిపించండి. మూత్రం, మలం రెండూ అయ్యేదాకా లోపలికి అడుగుపెట్టొద్దు. మలం మీరే సంచిలో తీసి పారేయండి. పాదాలు తుడవండి. మెడపట్టీకి కట్టే తాడు మీటరున్నర, రెండు మీటర్లది ఉండాలి. సాగి ముడుచుకునే తాడు ఇంట్లో పనికిరాదు, కుర్చీ కాళ్లకు, మనుషుల కాళ్లకు చుట్టుకుంటుంది. తాడు వదులుగా పట్టుకోండి, బిగించి పట్టుకుంటే ఆ బిగువు కుక్కకు తెలిసి అదీ బిగుసుకుంటుంది. ఇంటివాళ్లు ఎక్కడిదాకా రావచ్చన్నారో అక్కడిదాకా ఒకసారి తాడుతోనే తిప్పండి. వాసన చూస్తే చూడనివ్వండి. ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ నేలను మరీ మరీ మూచూస్తున్నా, కర్టెన్ దగ్గరో సోఫా కాలి దగ్గరో పక్కకు ఒరుగుతున్నా వెంటనే బయటికి నడిపించండి. కాలెత్తబోతోందన్నమాట. ఆపరేషన్ చేయించని మగకుక్కలు ఇంకో కుక్క వాసన ఉన్న ఇంట్లో ఈ పని చేయడం మామూలే. మొండితనం కాదది, తన గుర్తు వదలడం. మీ ఇంటి నుంచి తెచ్చిన చాప మీ కాళ్ల దగ్గర పరిచి దాని మీద పడుకోబెట్టండి. ఈ అలవాటు ఇంటి దగ్గరే పదిహేను రోజుల ముందు నుంచి చేయించాలి. పరాయింట్లో కొత్తగా నేర్పడం కుదరదు. పెద్ద కుక్కను రెండు గంటలకోసారి, పిల్లనైతే నిద్రలేచిన ప్రతిసారీ, తిన్న ప్రతిసారీ, ఆడిన ప్రతిసారీ బయటికి తీసుకెళ్లండి.

ఆ ఇంట్లో ముందే కుక్క ఉంటే రెండింటినీ గేటు దగ్గర కలపడం పెద్ద పొరపాటు. అక్కడ ఇంటికుక్క కాపలాకు దిగుతుంది. రెంటికీ సంబంధం లేని చోట, నాలుగైదు మీటర్ల ఎడంతో, ఒకే దిక్కుగా పది పదిహేను నిమిషాలు నడిపించి, అప్పుడు లోపలికి తేవాలి. అంతకుముందే తిండిగిన్నెలు, బొమ్మలు, ఎముకలు తీసేయాలి. తిండి వేరువేరు గదుల్లో పెట్టాలి.

పిల్లలున్నచోట కుక్కను ఒక్క నిమిషం కూడా వాళ్లతో ఒంటరిగా వదలొద్దు. అది పెదవులు నాకుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు కొయ్యబారుతుంది. ‘చాలు, ఇక వదలండి’ అని అది చెప్పే తీరిది. గుర్రుమంటే కొట్టొద్దు, అరవొద్దు. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి చప్పుడు లేకుండా కరుస్తుంది. మారు మాట్లాడకుండా దాన్ని తీసుకుని బయటికి వెళ్లిపోండి. చిన్నపిల్లలు కుక్కను వాటేసుకుని ముఖం దగ్గర పెడతారు, వాళ్లకు కాట్లు ఎక్కువగా ముఖం మీద, తల మీద పడేది అందుకే.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు మూత్రం పోస్తుంది. తుడవాల్సింది తెచ్చినవారు, ఇంటివాళ్లు కాదు. తివాచీ మీదైతే రుద్దొద్దు, రుద్దితే లోపలికి దిగుతుంది. పాత తువ్వాలు మడిచి దాని మీద నిలబడి నొక్కండి, తడి ఆగేదాకా తువ్వాలు మారుస్తూ ఉండండి. చల్లటి నీళ్లు చల్లి మళ్లీ అద్దండి. తర్వాత ఎంజైమ్ ఉన్న క్లీనర్‌ను మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు తడిసేలా పోసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి, దానంతటదే ఆరనివ్వండి. పైపైన చల్లితే పని కాదు. ముఖ్యంగా పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మిగిలిపోయి, తేమ తగిలినప్పుడల్లా మళ్లీ కంపు కొడుతుంది. ఆ వాసన ఉన్నచోటే ఇంకోసారి పోస్తుంది. అమ్మోనియా కలిసిన ద్రవాలు వాడొద్దు, వాటి వాసన మూత్రం వాసనలాగే ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది. బ్లీచ్ అసలే వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను మండించే వాయువు పుడుతుంది. ఆవిరి యంత్రం పెడితే ఆ వేడికి మరక, వాసన రెండూ అతుక్కుపోతాయి. కాబట్టి సంచిలో రెండు పాత తువ్వాళ్లు, ఎంజైమ్ క్లీనర్, మలం సంచులు, నీళ్లగిన్నె, బొచ్చు తీసే జిగురు రోలరు, సోఫా మీద పరిచే దుప్పటి ఉండి తీరాలి. ఇవి లేకుండా వెళ్లడమంటే ఆ పని ఇంటివాళ్ల నెత్తిన వేయడమే.

ఇంటివాళ్లు ప్రేమతో ఏదో ఒకటి పెట్టబోతారు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ కుక్కకు విషమని ముందే చెప్పండి. ఎలుకల మందు ఎక్కడ పెట్టారో అడగండి. నేల మీద పెట్టిన హ్యాండ్‌బ్యాగులు, అందులోని మాత్రలు పైకి ఎత్తించండి. పిల్లి వస్తున్న ఇంట్లో కుండీలో గానీ గుత్తిలో గానీ లిల్లీ పూలు ఉండకూడదు. వాటి పుప్పొడి ఒంటికి అంటి నాకుకున్నా పిల్లికి కిడ్నీలు పాడవుతాయి.

నిజానికి పిల్లిని తీసుకెళ్లకపోవడమే దానికి మేలు. పిల్లికి మనుషుల కంటే చోటు ముఖ్యం. తెలిసినవారెవరైనా రోజూ వచ్చి తిండిపెట్టి ట్రే శుభ్రం చేస్తే సొంతింట్లోనే హాయిగా ఉంటుంది. తప్పనిసరై రాత్రి ఉండాల్సొస్తే ఒకే గది అడిగి, కిటికీలు మూసి, పిల్లిని తెచ్చిన పెట్టె తలుపు తెరిచి ఉంచి, అది తనంతట తాను బయటికి వచ్చేదాకా వదిలేయండి. పక్షిని తీసుకెళ్తే వంటింటికి దూరంగా ఉంచాలి. అంటుకోని పూత పూసిన పెనం మరీ వేడెక్కితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షుల్ని చంపుతుంది. కుందేలు కరెంటు తీగలు కొరుకుతుంది, పంజరం దాటించొద్దు.

అందరూ కలిసి బయటికి వెళ్తున్నామని కుక్కను ఆ ఇంట్లో ఒంటరిగా మూసిపెట్టొద్దు. కొత్తచోట తలుపులు గీకుతుంది, ఇరుగుపొరుగు అందరికీ వినబడేలా మొరుగుతుంది. కారులో వదలడం అంతకంటే ఘోరం. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు.

కాటు పడితే, పన్ను గీరినా సరే, ‘చిన్న గీతేగా’ అని సర్దిచెప్పొద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. అదేరోజు డాక్టరుకు చూపించాలి. టీకా కార్డు ఫొటో అక్కడికక్కడే ఇవ్వాలి. ఆ కుక్కను 10 రోజులు కనిపెట్టి చూసి దాని పరిస్థితి కాటు పడినవారికి తెలియజేస్తూ ఉండాలి. వైద్యం ఖర్చు, పాడైన వస్తువు ఖర్చు అడిగించుకోకుండా కుక్క యజమానే పెట్టుకోవాలి.

చూపులేనివారికి దారి చూపే కుక్కలను ఈ లెక్కలో కలపకూడదు. అవి శిక్షణ పొంది పనిమీద ఉన్నవి. ఆ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఎక్కడ కలుసుకుంటే అందరికీ అనువుగా ఉంటుందో ముందే మాట్లాడుకుంటే చాలు.

పిలిచేవారికీ ఒక విన్నపం. ‘తీసుకురండి, చూద్దాం’ అని నాన్చొద్దు. మొహమాటానికి ఒప్పుకుని, వచ్చాక ఆ కుక్కను ఎండలో మేడమీద కట్టేయించడం కంటే ముందే వద్దనడం దానికీ మంచిదే. పిలుపు మెసేజ్‌లోనే ఒక్క ముక్క చేర్చండి: ‘ఇంట్లో ఉబ్బసం ఉన్నవారున్నారు, పెంపుడు జంతువులను తీసుకురావద్దు’ అనో, ‘కుక్కను తేవచ్చు, హాల్లోనూ పెరట్లోనూ ఉండొచ్చు, పడకగదుల్లోకి వద్దు’ అనో. అంత స్పష్టంగా రాస్తే వచ్చేవారికి ఏర్పాట్లు చేసుకునే సమయం దొరుకుతుంది.

ఇట్లు,
ఒక పశువైద్యుడు