‘ఏ బిళ్లలు మింగుతున్నావమ్మా?’ అని ముందే అడగండి

సంపాదకుడు గారికి,

మా అక్కకు చెవిలో చీము కారడం చిన్నప్పటి నుంచీ ఉంది. కర్ణభేరికి చిల్లు ఉందని తిరుపతిలో ఒక ఆసుపత్రివాళ్లు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. బంగారుపాళెం నుంచి ముందురోజే వెళ్లి చేరాం. ‘బీపీ, షుగర్ ఉన్నాయా?’ అని అడిగారు. అక్క లేవంది. అబద్ధం కాదు, ఆ రెండూ లేవు. కానీ రెండేళ్ల కింద గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ (చిన్న జాలీ గొట్టం) వేశారు. చెవి ఆపరేషన్‌కు దాంతో పనేముందని మేమూ చెప్పలేదు.

తెల్లారి థియేటర్ బట్టలు మార్చుకుంటుంటే ఆమె కొంగుముడిలోంచి ఆస్పిరిన్ షీటు జారిపడింది. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా మింగే బిళ్లలవి. మత్తు డాక్టర్ గారు చూసి ఆపరేషన్ ఆపేశారు. రక్తపరీక్షలన్నీ చేశారు, నోటితో అడగాల్సిన ఒక్క మాటే మరిచారు.

గొడవకు దిగిన మాకు ఆయనే ఓపిగ్గా చెప్పారు. కర్ణభేరి అడ్డంగా ఒక సెంటీమీటరు కూడా సరిగ్గా ఉండదట. మైక్రోస్కోప్‌లో చూస్తూ చిల్లుకు అతుకు వేసే చోట ఒక్క బొట్టు రక్తం ఊరినా అంతా ఎర్రగా కమ్మేస్తుంది. దగ్గర్లోనే ముఖాన్ని కదిలించే నరం. అందుకే తిమ్మిరి సూదిలో అడ్రినలిన్ కలుపుతారు, రక్తనాళాలు ముడుచుకుంటాయి. బీపీని కాస్త దించి ఉంచుతారు. కొందరికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. కట్టిన రక్తపు గడ్డ తొందరగా కరిగిపోకుండా చూసే మందు అది. జపాన్‌లో ఒకమోటో దంపతులు 1962లో వెలుగులోకి తెచ్చారు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే ఆడవాళ్లకు రాసేదీ అదే. స్టెంట్ ఉన్నవాళ్లకు మాత్రం వీటిలో ఏదైనా ఆచితూచి వాడాలి. ఆస్పిరిన్ ప్రభావం వారం, పది రోజులు పోదు కాబట్టి ముందురాత్రి మానినా లాభం లేదు. గుండె డాక్టర్‌ను అడగకుండా సొంతంగా మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ఇంకో ప్రమాదం.

ఇదంతా ఓపీలో తేదీ రాసిచ్చిన రోజే ఎందుకు చెప్పరు? మాకిచ్చిన కాగితమంతా ఇంగ్లీషులోనే ఉంది. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం వేలు పెట్టి చూపించారు. తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీ చాలు. మన సరిహద్దు పల్లెల నుంచి వచ్చేవాళ్ల కోసం తమిళంలోనూ వేయవచ్చు. చదువురానివాళ్లకు నర్సమ్మ ఒక్క మాట చెబితే సరి, ‘ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తీసుకురా’ అని. నాటు మందులు, లేహ్యాలు కూడా అందులోనే వస్తాయి. జిల్లా వైద్యాధికారులు దీన్ని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటిలో తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బంగారుపాళెం, చిత్తూరు జిల్లా