పుట్టినూరి పేరే ఆమె పేరు

సంపాదకుల వారికి,

మీ సాహిత్య పేజీలో అనువాద కవితలు వేస్తున్నారు, సంతోషం. చైనా కవి ఐ చింగ్‌కి కూడా చోటివ్వమని నా మనవి. 1910లో చెజియాంగ్ రాష్ట్రంలో భూస్వామి ఇంట పుట్టిన ఆయన్ని ఓ పేద రైతు ఇల్లాలు పాలిచ్చి పెంచింది. 1933లో షాంఘై జైల్లో ఉండగా ఆమె మీద 'దాయెన్‌హ' కవిత రాశారు. అది ఆమె పుట్టినూరి పేరు. అందరూ అలాగే పిలిచేవాళ్లు. పిల్లాడైన ఆయన రంగులేసిన గ్వాన్ యూ (చైనా వాళ్లు కొలిచే పాతకాలపు వీరుడు) బొమ్మని ఆమె పొయ్యి పక్క గోడకి అంటించుకుంటుంది. చనిపోతే దక్కింది నాలుగు యువాన్ల శవపేటిక, కొన్ని వరిగడ్డి కట్టలు. ఛందస్సు లేదు, పెద్ద మాటలు లేవు. ఆమె చేసిన చాకిరీ ఒక్కో పనిగా చెప్పుకుంటూ పోతారు, అంతే. నాకు గొంతు పట్టేసింది.

నన్నూ మూడేళ్లు మా పాలేరు భార్యే పెంచింది. 'పాలమ్మా' అని పిలిచేదాన్ని. అసలు పేరు ఎన్నడూ అడగలేదు. ఈ కవిత చదివిన రాత్రి ఆమె కొడుక్కి ఫోన్ చేసి అడిగాను.

1957లో ఐ చింగ్‌పై మితవాది, అంటే కమ్యూనిస్టు పార్టీకి వ్యతిరేకి అన్న ముద్ర వేశారు. వాయవ్య చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఏళ్ల తరబడి ఉంచారు. 1970ల చివర్లో గానీ మళ్లీ ఆయన కవితలు అచ్చు కాలేదు. ఎవరైనా అనువదిస్తే ఆ ఊరి పేరు సంగతి మాత్రం కింద వివరంగా రాయించండి. అది తెలియకపోతే కవిత సగమే అందుతుంది.

— ఒక రిటైర్డ్ టీచర్, నంద్యాల