మంత్రిగారూ, ఈత పోటీల్లో ‘సుమారు 50 మీటర్లు’ అనే కొలత లేదు

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. మా జిల్లా కేంద్రంలోని ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే శిక్షకులం, పోటీలప్పుడు గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే టైమ్‌కీపర్లం, తెల్లవారకముందే పిల్లల్ని బండెక్కించుకుని వచ్చే తల్లిదండ్రులం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇది మేం పంపుతున్న ఐదో కాగితం. ముందు నాలుగూ అర్జీలు. నాలుగింటికీ రసీదులున్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది. కొలను పొడవు సుమారు 50 మీటర్లు ఉంది కాబట్టి చేయాల్సిందేమీ లేదని దాని సారాంశం. ఆ ‘సుమారు’ అన్న మాటే మా చేత ఇలా బహిరంగంగా రాయిస్తోంది.

ఆధునికీకరణ పథకం సంగతి మీకు తెలిసిందే, రిబ్బను కత్తిరించింది మీరే. ఆ రోజు వేదిక మీద, వచ్చే ఏడు రాష్ట్ర స్థాయి పోటీలు ఇక్కడే అని మీరు మాటిచ్చారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో మేమూ ఉన్నాం. అప్పటికి ఎవరూ టేపు పెట్టి చూడలేదు.

పెట్టి చూస్తే తేలింది 49.96 మీటర్లు.

నాలుగు సెంటీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అని మీ కార్యాలయంలో ఒకరు నవ్వారు. రాద్ధాంతం మాది కాదండీ, నిబంధనది. ప్రపంచ ఈత సమాఖ్య నియమం ప్రకారం 50 మీటర్ల కొలను ఏ లేన్‌లోనైనా కొద్దిగా ఎక్కువ ఉండొచ్చు. తక్కువ మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా ఉండకూడదు. అదీ గట్టు మీద కొలిచేది కాదు. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల పైనుంచి 80 సెంటీమీటర్ల లోతు దాకా, రెండు చివరి గోడల మధ్య ఎక్కడ కొలిచినా 50 ఉండాలి. ఎక్కువకు ఓర్పు, తక్కువకు లేదు. ఎందుకంటే పొడుగు కొలనులో ఈదినవాడు నష్టపోయేది తానొక్కడే. పొట్టి కొలనులో ఈదినవాడి టైము మిగతా అందరికీ అన్యాయం చేస్తుంది.

పాత కొలను ఇలా లేదు. కట్టినవాళ్లెవరో గానీ పని తెలిసినవాళ్లు. 50.02 మీటర్లకు కట్టారు. ఆ రెండు సెంటీమీటర్లు చేయి జారి వచ్చినవి కావు. పోటీలప్పుడు గోడకు తగిలించే, ఈతగాడి చెయ్యి తాకగానే టైము ఆపే టచ్‌ప్యాడ్ పలక మందం దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. అటొకటి, ఇటొకటి తగిలించాక కూడా సరిగ్గా 50 మిగలాలని ముందే వదిలిపెట్టిన జాగా అది. మరి ఇప్పుడేం జరిగిందంటే, పాత టైల్స్ చెక్కకుండా వాటి మీదే రెండు సెంటీమీటర్ల సిమెంటు మాలు పూసి, పైన కొత్త టైల్ అతికించారు. ఒక్కో గోడ మూడేసి సెంటీమీటర్లు ముందుకొచ్చింది. రెండు గోడలకు ఆరు. 50.02లోంచి ఆరు సెంటీమీటర్లు తీసేస్తే ఎంతో లెక్క చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. టచ్‌ప్యాడ్లు తగిలిస్తే అది 49.94కు దిగుతుంది. ఎస్టిమేట్‌లో పాత టైల్స్ తొలగింపు అని ఒక పద్దు ఉందట. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ పద్దు ఎదుట ఏం రాశారో, బిల్లు ఎంతకు పాసయిందో మీరొకసారి తెప్పించుకుని చూస్తే బాగుంటుంది. మేం అడిగితే చూపించలేదు.

మీ కొలత తప్పు, టేపు సాగి ఉంటుంది అన్నారు. టేపు సాగే మాట నిజమే. స్టీలు టేపును 20 డిగ్రీల వేడిలో, 50 న్యూటన్ల లాగుడుతో సరిచూసి అమ్ముతారు. 35 డిగ్రీల ఎండలో 50 మీటర్ల టేపు దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది, అంటే ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది. మాకు వచ్చిన అంకె 49.951. ఆ 9 మిల్లీమీటర్లు మేమే కలుపుకుని 49.96 అన్నాం. లాగుడు కోసం టేపు చివర స్ప్రింగ్ త్రాసు కట్టాం. టేపు నడుమ వేలాడకుండా లేన్ రోప్ బిళ్లల మీద ఆనించాం. ఎనిమిది లేన్లూ విడివిడిగా కొలిచాం. ఒకటో లేన్‌కు ఎనిమిదో లేన్‌కు సెంటీమీటరు తేడా వచ్చింది, మాలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పూశారు మరి. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం గుడ్డ టేపును గట్టు మీద అంచు నుంచి అంచుకు పరిచి, 50 దాటింది చూడండి అని వెళ్లిపోయారు. గట్టు మీద పిల్లలు ఈదరు కదండీ.

సెంటీమీటర్ల విలువ ఈత లోకానికి 1972లోనే తెలిసొచ్చింది. మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ వరసగా ఈదే పోటీ) ఫైనల్లో స్వీడన్ ఈతగాడు గున్నార్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మెకీ ఇద్దరి టైమూ నూరో వంతు దాకా ఒకటే, 4 నిమిషాల 31.98 సెకన్లు. వెయ్యో వంతు తీసి చూస్తే లార్సన్‌ది 31.981, మెకీది 31.983. స్వర్ణం లార్సన్‌కు ఇచ్చారు. తర్వాత తీరిగ్గా లెక్కేసుకున్నారు. ఆ వేగంలో సెకనులో వెయ్యో వంతులు రెండంటే మూడు మిల్లీమీటర్ల దూరం. ఎనిమిది సార్లు కొలను దాటాక మిగిలిన తేడా అది. ఏ మేస్త్రీ కూడా రెండు లేన్ల గోడల్ని అంత కచ్చితంగా కట్టలేడు. అందుకే ఆ తర్వాత వెయ్యో వంతుల లెక్క ఎత్తేశారు. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లె క్లో, చెహ్ ముగ్గురూ 51.14 సెకన్లకు గోడ తాకితే, ముగ్గురికీ రజతమే ఇచ్చారు. కట్టడంలో మిల్లీమీటర్ల తేడా వస్తుందని ప్రపంచ ఈత సమాఖ్యే ఒప్పుకుని నియమమే మార్చుకున్నారు. మన దగ్గర సెంటీమీటర్లు తగ్గినా ఎవరూ ఒప్పుకోరు.

ఈ నాలుగు సెంటీమీటర్లు పిల్లలకు ఎక్కడ తగులుతాయో చెప్తాం. 100 మీటర్ల పోటీలో రెండు లెంగ్త్‌లు (కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి ఈదితే ఒక లెంగ్త్), అంటే 8 సెంటీమీటర్ల దూరం తగ్గినట్టు. ఓ మోస్తరు కుర్రాడికి అది సెకనులో నూరో వంతులు నాలుగో అయిదో. 1500 మీటర్లలో 30 లెంగ్త్‌లు, అంటే 1.2 మీటర్లు. నిజం చెప్పాలంటే రోజూ సాధన చేసుకోవడానికి ఈ తేడా వల్ల మునిగిపోయేదేం లేదు. మునిగేది టైము. ఈ కొలనులో ఎంత బాగా ఈదినా ఆ టైము ఎక్కడా చెల్లదు. జిల్లా రికార్డుగా రాయడానికి లేదు, అర్హత టైముగా పంపడానికి లేదు. రాష్ట్ర పోటీలు ఇక్కడ పెట్టాలంటే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే సర్వేయరు దొరకడు, దొరక్కూడదు కూడా. కోట్లు ఖర్చుపెట్టాక మా పిల్లలు ఒక్క చెల్లే టైము కోసం మళ్లీ రాత్రి బస్సెక్కి వేరే ఊరు పోతున్నారు. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ ఉన్న వినాయకుణ్నే కోతిని చేశారు.

పొడవు ఒక్కటే అయితే బాగుండేది.

చివరి గోడలకు నున్నని టైల్స్ వేశారు, స్నానాల గదికి వేసేలాంటివి. నీటిమట్టం నుంచి 80 సెంటీమీటర్ల లోతు దాకా చివరి గోడ జారకుండా గరుకుగా ఉండాలని నియమం. దానికి కారణముంది. ఫ్రీస్టైల్‌లో పల్టీ కొట్టి తిరిగేటప్పుడు రెండు పాదాలూ గోడకు పడేది అక్కడే. బ్యాక్‌స్ట్రోక్, అంటే వెల్లకిలా ఈత, స్టార్ట్‌లో పట్టీ పట్టుకుని, మోకాళ్లు ముడిచి, కాలివేళ్లు గోడకు అదిమి వెనక్కి ఎగరాలి. నున్నని టైల్ మీద పాదం జారితే ఎగరడం ఉండదు, వీపు మీద దబ్బున పడడమే. మా బ్యాక్‌స్ట్రోక్ పిల్లల సగం సాధన ఇప్పుడు జారకుండా నిలబడడానికే సరిపోతోంది.

ఆ పిల్లలకే ఇంకో కష్టం జెండాల తాడు. వెల్లకిలా ఈదేవాళ్లకు గోడ కనపడదు. గోడకు 5 మీటర్ల దూరంలో, నీటికి 1.8 మీటర్ల ఎత్తులో కట్టిన జెండాలు తలమీదుగా దాటగానే గోడ చేరేదాకా వేసే బారలు లెక్కపెట్టుకుంటారు. ఒకరికి మూడు, ఒకరికి నాలుగు. కొత్త గట్టు వేసినప్పుడు ఆ స్తంభాలు దిగే గుంతల్ని సిమెంటుతో పూడ్చేశారు. ఇప్పుడు తాడును రెయిలింగ్‌కు కడుతున్నాం, ఒకవైపు 4.4 మీటర్ల దగ్గర, ఇంకోవైపు 5.6 దగ్గర. 4.4 వైపు లెక్క పూర్తికాకముందే తల గోడకు కొట్టుకుంటుంది. 5.6 వైపు పిల్ల ముందే బోర్లా తిరిగి, గోడ అందక జారుకుంటూ పోతుంది. బోర్లా తిరిగాక ఆగకుండా ఒకే ఊపులో టర్న్ పూర్తి కావాలి కాబట్టి పోటీలో అయితే అక్కడికక్కడే అనర్హత. గుంతలు తవ్వించి పైపులు దింపడానికి ఒక మేస్త్రీకి ఒక పూట పని. ఆ ఒక్క పూట కోసం రెండు అర్జీలు పెట్టాం.

ఇక అన్నిటికంటే భయపెట్టే విషయం. పోటీ మొదట్లో ఎక్కి దూకే దిమ్మెలు, అంటే స్టార్టింగ్ బ్లాకులు, లోతు వైపు కాకుండా లోతు తక్కువ వైపు బిగించారు. అతిథుల గ్యాలరీ అటు ఉంది కాబట్టి అట, ఫొటోలు బాగా పడతాయని. అక్కడ నిండుగా ఉన్నప్పుడే లోతు ఒక మీటరు. బ్లాకు ఉన్న చోట గోడ నుంచి ఒక మీటరు మొదలుకొని ఆరు మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలి. దానికితోడు, అంచు దాటిన నీళ్లను పట్టి మళ్లీ కొలనుకు పంపే బ్యాలెన్స్ ట్యాంకు కారుతోంది, నీళ్లు ఇరవై సెంటీమీటర్లు తక్కువే నిలుస్తున్నాయి. 50 పొడవు, 21 వెడల్పు ఉన్న కొలనులో ఇరవై సెంటీమీటర్లంటే రెండు లక్షల లీటర్ల పైమాట. బ్లాకు ఎత్తును నీటిమట్టం నుంచి లెక్కిస్తారు, అర మీటరు నుంచి 75 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నీళ్లు తగ్గడంతో 75 కాస్తా 95 అయింది, కింద లోతు 80కి దిగింది. తొంభై అయిదు ఎత్తు నుంచి ఎనభై లోతులోకి తలకిందులుగా దూకమని ఏ పిల్లాడికి చెప్పమంటారు? మెడ ఎముక విరిగితే జీవితాంతం మంచమే. ఆ బ్లాకులకు మేమే తాళ్లు కట్టి, ఎక్కవద్దని అట్టముక్క తగిలించాం. ఆ అట్టముక్క వల్ల కొలను అందం చెడుతోందని మాకో మౌఖిక ఆదేశం వచ్చింది. మా అర్జీలకు మీ శాఖ నుంచి ఇంత త్వరగా ఎప్పుడూ స్పందన రాలేదు.

నీళ్లు కాలువ అంచు దాకా నిండకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. అలలు అంచు దాటి గటర్‌లో పడకుండా గోడకు కొట్టుకుని వెనక్కి వస్తాయి, పక్క లేన్లలో ఈదేవాళ్ల నోట్లోకి పోతాయి. పైన తేలే జిడ్డూ చెత్తా కూడా గటర్‌లోకి పోదు. ఆ మురికితో కలిసిన క్లోరిన్‌కే కళ్లు మండేది. కళ్లు మండుతున్నాయని ఫిర్యాదు చేస్తే క్లోరిన్ తగ్గిస్తున్నారు. అది రోగాన్ని పెంచే వైద్యం.

ఆసియా క్రీడల్లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చింది ఈతే, 1951 ఢిల్లీలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సచిన్ నాగ్. ఈ మాట మీరే ఆ రోజు వేదిక మీద చెప్పారు, బాగా చెప్పారు. మాకు స్వర్ణాల మాట తర్వాత. ముందు 50 మీటర్లు కావాలి.

మేమడిగేది కొత్త కొలను కాదు, మొత్తం టైల్స్ పీకమనడమూ కాదు. రెండు చివరి గోడలు చాలు. నీటిపైన 30 సెంటీమీటర్ల నుంచి అడుగు దాకా లెక్కేస్తే లోతు తక్కువ వైపు 27 చదరపు మీటర్లు, లోతు వైపు 48. వెరసి 75 చదరపు మీటర్లు. పాతదీ కొత్తదీ రెండు పొరలూ కాంక్రీటు దాకా చెక్కి, కొలత చూసుకుంటూ గరుకు టైల్ వేస్తే మళ్లీ 50.02 వస్తుంది. టైల్ వేయకముందే సర్వేయరును పిలవండి, వేశాక కాదు. లేన్‌కో కొలత రాయించండి. బ్లాకులు లోతు వైపుకు మార్పించండి. ట్యాంకు కారడం ఆపించండి. జెండా స్తంభాల గుంతలు తవ్వించండి. గోడలు ముందు, కాదు కాదు, బ్లాకులు ముందు. ఏది ముందైనా సరే, ఏదో ఒకటి మొదలుపెట్టించండి సార్. ఎండాకాలం శిబిరానికి ఇప్పటికే పేర్లు ఇస్తున్నారు, అందులో ఎక్కువమంది ఎప్పుడూ కొలను చూడని పిల్లలు, బ్లాకు కనిపిస్తే ఎక్కి దూకేవాళ్లు.

మా కొలత మీద మీకు నమ్మకం లేకపోతే మీరే రండి. ఉదయం ఆరింటికి వస్తే ఎండ ఉండదు, టేపు సాగిందన్న మాట రాదు. టేపు, స్ప్రింగ్ త్రాసు మా దగ్గరే ఉన్నాయి. ఒక చివర మీ ఇంజినీరుగారు పట్టుకుంటారు, రెండో చివర మా పిల్లల్లో ఒకరు పట్టుకుంటారు. అంకె మీరే చదవండి.

ఇట్లు,
జిల్లా కేంద్రం ఈతకొలను శిక్షకులు, టైమ్‌కీపర్లు, పిల్లల తల్లిదండ్రులు

జతపరిచినవి: నాలుగు అర్జీల రసీదులు, ఎనిమిది లేన్ల కొలతల పట్టిక, అట్టముక్క ఫొటో.