పదోన్నతి తర్వాత కాదు, ముందే: ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శిక్షణపై విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

ప్రధానోపాధ్యాయులకు, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు నాయకత్వ శిక్షణ ఇవ్వాలన్న మాట ఈమధ్య విద్యాశాఖ సమావేశాల్లో తరచుగా వినిపిస్తోంది. సంతోషమే. అయితే ఆ శిక్షణ ఎప్పుడు జరగాలి, ఎక్కడ జరగాలి, ఎవరి దగ్గర జరగాలి అన్న ప్రశ్నలు మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదని, చాలా ఏళ్లు తరగతి గదిలోనూ కొన్నేళ్లు ప్రధానోపాధ్యాయుడి కుర్చీలోనూ గడిపినవాడిగా నాకు అనిపిస్తోంది. ముందు సీనియారిటీ ప్రకారం పదోన్నతి, ఆ తర్వాత వీలు చిక్కినప్పుడు ఏదో ఒక హాలులో కొద్దిరోజుల ఉపన్యాసాలు, ఆఖరి రోజు సాయంత్రం ఒక ధ్రువపత్రం, ఇదీ ఇప్పుడు నడుస్తున్న వరుస. ఈ వరుసను తిరగెయ్యమనీ, పదవి చేతికి రాకముందే, అదీ ఒక మంచి బడిలో ఒక మంచి ప్రధానోపాధ్యాయుడి పక్కన ఉండి పని నేర్చుకునే ఏర్పాటు చెయ్యమనీ కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

బడి బాగుపడటంలో ప్రధానోపాధ్యాయుడి పాత్ర ఎంత అన్నది ఇప్పుడు కొత్తగా వాదించి నెగ్గవలసిన విషయం కాదు. పాఠశాల పరిధిలో ఉన్న అంశాల్లో పిల్లల చదువును ప్రభావితం చేసేవాటిలో తరగతి గది బోధన మొదటిదైతే, నాయకత్వం రెండోదని విద్యా పరిశోధకుడు కెన్నెత్ లీత్‌వుడ్, ఆయన సహచరులు 2004లోనే తేల్చి చెప్పారు. 2021లో అమెరికాలోని వాలెస్ ఫౌండేషన్ ప్రచురించిన సమీక్ష మరో అడుగు ముందుకు వేసింది. సగటు కంటే వెనకబడిన ప్రధానోపాధ్యాయుడి స్థానంలోకి సగటు కంటే మెరుగైన వ్యక్తి వస్తే, ఆ బడిలోని సాధారణ విద్యార్థి ఒక ఏడాదిలో గణితంలో 2.9 నెలల చదువు, చదవడంలో 2.7 నెలల చదువు అదనంగా పొందినంత తేడా ఉంటుందని అది లెక్కగట్టింది. మంచి ఉపాధ్యాయుడి వల్ల ఒక తరగతికి కలిగే మేలు ఇంకా ఎక్కువే. కానీ ప్రధానోపాధ్యాయుడి ప్రభావం బడిలో ఉన్న ప్రతి పిల్లవాడి మీదా పడుతుంది కాబట్టి, అక్కడ పెట్టిన శ్రద్ధ వృథా పోదు.

ఇంత పెద్ద బాధ్యతను ఎలా అప్పగిస్తున్నామో చూడండి. నిన్నటిదాకా భౌతికశాస్త్రమో సాంఘికశాస్త్రమో చెప్పుకుంటూ వచ్చిన ఉపాధ్యాయుడు ఒక ఉదయం బీరువా తాళాలు అందుకుంటాడు. బల్ల మీద హాజరు పట్టీలు, స్టాకు రిజిస్టర్లు, సంతకం కోసం ఎదురుచూసే బిల్లులు, మధ్యాహ్నంలోగా ఆన్‌లైన్‌లో నింపవలసిన వివరాలు ఉంటాయి. గుమ్మం దగ్గర బదిలీ సర్టిఫికెట్టు కోసం వచ్చిన తల్లిదండ్రులు. ఇద్దరు ఉపాధ్యాయులు సెలవులో ఉన్నారు, ఆ తరగతులకు ఎవరిని పంపాలో పది నిమిషాల్లో తేల్చాలి. వీటిలో ఏ ఒక్కటీ అనవసరమైన పని కాదు, అయితే వీటి మధ్య బోధన గురించి ఆలోచించే వ్యవధి మాత్రం దొరకదు. 14 మధ్య ఆదాయ దేశాల ప్రధానోపాధ్యాయులు తమ సమయంలో 68 శాతం రోజువారీ నిర్వహణ పనులకే వెచ్చిస్తున్నారని, పాఠశాల నాయకత్వాన్నే అంశంగా తీసుకున్న యునెస్కో 2024-25 ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక పేర్కొంది. కొత్తగా వచ్చినవాడు ఈ ప్రవాహంలో పడి, ఫైళ్లు కదిలించడమే తన ఉద్యోగమని మొదటి సంవత్సరంలోనే స్థిరపరచుకుంటాడు. ఆ అలవాటు గట్టిపడ్డాక శిక్షణ పేరుతో హాలుకు పిలిచి నాయకత్వ లక్షణాల మీద స్లైడ్లు చూపిస్తే, పాపం ఆయన మనసంతా బడిలో ఆగిపోయిన బిల్లుల మీదే ఉంటుంది.

అసలు ప్రధానోపాధ్యాయుడికి రావలసిన విద్య ఏమిటో ఒక ఉదాహరణతో మనవి చేస్తాను. ఆరో తరగతిలో భిన్నాల పాఠం జరుగుతోంది. నల్లబల్ల మీద 3/4, 3/5 రాసి, వీటిలో ఏది పెద్దదని ఉపాధ్యాయురాలు అడిగింది. ముందు వరుస పిల్లలు 3/4 అని సరిగ్గానే చెప్పారు. ఆమె “అందరికీ అర్థమైందా?” అంది, తరగతి అంతా ఒకే గొంతుతో “ఆఁ” అంది, పాఠం ముందుకు సాగింది. వెనక కూర్చుని చూసిన ప్రధానోపాధ్యాయుడు పరిశీలన పుస్తకంలో “బోధన సంతృప్తికరం, పిల్లలు చురుగ్గా ఉన్నారు, బోధనోపకరణాలు వాడవలెను” అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఏ బడిలో పరిశీలన పుస్తకం తెరిచినా పేజీ తర్వాత పేజీ ఇవే వాక్యాలు కనిపిస్తాయి.

పని నేర్చుకున్న ప్రధానోపాధ్యాయుడు అదే తరగతిలో వేరే చోట చూస్తాడు. వెనక బెంచీలో ముగ్గురు తమ నోటు పుస్తకాల్లో 3/5 పెద్దదని రాసుకున్నారు. నాలుగు కంటే అయిదు పెద్దది కాబట్టి 3/5 పెద్దదన్నది వాళ్ల తర్కం. తర్కం ఉంది, అది పూర్ణసంఖ్యల దగ్గర నేర్చుకున్న తర్కం, భిన్నాల దగ్గర పనికిరాదు. హారం పెరిగేకొద్దీ ఒక్కో భాగం చిన్నదవుతుందన్న సంగతి వాళ్లకు చేరలేదు. సాయంత్రం ఆ ఉపాధ్యాయురాలితో కూర్చున్నప్పుడు ఆయన తీర్పు చెప్పడు. “ఆ ముగ్గురూ 3/5 అనే ఎందుకు రాసి ఉంటారమ్మా?” అని మాత్రం అడుగుతాడు. కాసేపు ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. మర్నాడు ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలను, ఒకదాన్ని నాలుగు సమాన భాగాలుగా, మరోదాన్ని అయిదు సమాన భాగాలుగా మడత పెట్టించి పక్కపక్కన పెట్టించాలన్న నిర్ణయానికి వస్తారు. వారం తర్వాత ఆయన మళ్లీ అదే తరగతికి వెళ్లి, ఆ ముగ్గురి పుస్తకాలే తెరిచి చూస్తాడు. ఈ ఇరవై నిమిషాల సంభాషణ చెయ్యగలగడమే నాయకత్వంలో అన్నిటికంటే కష్టమైన భాగం. తోటి ఉపాధ్యాయురాలి మనసు నొప్పించకుండా అసలు విషయాన్ని ఆమె ముందు పెట్టడం ఏ ఉపన్యాసం విన్నా రాదు.

పరిశోధనలూ ఈ మాటే చెబుతున్నాయి. అమెరికాలోని మయామీ-డేడ్ జిల్లాలో పరిశోధకులు సుమారు 100 బడుల్లో ప్రధానోపాధ్యాయుల వెంట రోజంతా తిరిగి, వారు ఏ పనికి ఎంత సమయం ఇస్తున్నారో నమోదు చేశారు. 2013లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, ఉపాధ్యాయులకు దగ్గరుండి చెయ్యి పట్టి నడిపించడానికి వెచ్చించిన సమయం పిల్లల ప్రగతితో అనుకూల సంబంధం చూపింది. తరగతుల్లోకి తొంగిచూసి వచ్చే చుట్టపుచూపు పరిశీలనలకు మాత్రం, ముఖ్యంగా ఉన్నత పాఠశాలల్లో, ప్రతికూల సంబంధమే కనిపించింది. రోజుకు ఇన్ని తరగతులు చూడాలని లక్ష్యాలు విధించే అధికారులు ఈ సంగతి ఒకసారి గమనించాలి. న్యూజీలాండ్ పండితురాలు వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు 2008లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి చూసినప్పుడు, నాయకులు చేసే పనులన్నిటిలోకీ ఉపాధ్యాయుల అభ్యసనాన్ని ప్రోత్సహించి, అందులో స్వయంగా పాల్గొనడమే పిల్లల చదువు మీద అత్యధిక ప్రభావం చూపుతుందని తేలింది. ఇక్కడ ‘స్వయంగా’ అన్న షరతును వదిలెయ్యకూడదు. ఉపాధ్యాయులను శిక్షణకు పంపి తాను ఆఫీసు గదిలో కూర్చునే ప్రధానోపాధ్యాయుడికి ఆ ఫలితం వర్తించదు.

పదవికి ముందే సిద్ధం చెయ్యడం ఎక్కడా జరగని పనేమీ కాదు. సింగపూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ 2001లో మొదలుపెట్టిన కార్యక్రమంలో, ప్రిన్సిపాళ్లు కాబోయేవారు కొన్ని నెలలపాటు వేరే ఏ విధులూ లేకుండా పూర్తికాలం శిక్షణలో ఉంటారు. ఇంగ్లండులో ప్రధానోపాధ్యాయులకు జాతీయ వృత్తి అర్హతను 1997లో ప్రవేశపెట్టి, 2009లో కొత్తవారికి తప్పనిసరి చేసి, 2012లో ఆ నిబంధనను ఎత్తివేశారు. ఈ ముందువెనకల నుంచి నేను గ్రహించింది ఏమిటంటే, అర్హత పత్రాన్ని తప్పనిసరి చెయ్యాలా వద్దా అన్న చర్చతోనే ఏళ్లు గడిచిపోగలవు. ఆ పత్రం వెనక అభ్యర్థి నిజంగా ఏ పని చేశాడన్నదే చూడవలసింది. అభివృద్ధి చెందిన దేశాలు కూడా ఈ విషయంలో గొప్పగా లేవు. ఎక్కువగా అలాంటి దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ కూటమి 2018 సర్వేలో, ఆ పదవిలోకి రాకముందే పాఠశాల నిర్వహణపై ఏదో ఒక కోర్సు పూర్తిచేసిన ప్రధానోపాధ్యాయులు సగటున 54 శాతమే.

అమెరికాలో ఆరు పెద్ద పాఠశాల జిల్లాలు ఈ పనిని ఒక క్రమంలో చేపట్టాయి. ప్రధానోపాధ్యాయుడికి ఏమి తెలిసి ఉండాలో స్పష్టంగా రాసుకోవడం, పదవికి ముందు శిక్షణ, జాగ్రత్తగా ఎంపిక, చేరాక తోడు నిలవడం అనే నాలుగింటినీ ఒకే గొలుసుగా కలిపాయి. 2019లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతిలో కొత్త ప్రధానోపాధ్యాయులు వచ్చిన బడులు మూడేళ్లు దాటేసరికి, అలాంటి ఏర్పాటు లేని పోల్చదగ్గ బడుల కంటే చదవడంలో 6 పర్సెంటైల్ (వందలో ఎన్నో స్థానమో చూపే కొలత) పాయింట్లకు పైగా, గణితంలో దాదాపు 3 పాయింట్లు ముందున్నాయి. అందుకైన ఖర్చు ఆ జిల్లాల మొత్తం వ్యయంలో అర శాతం లోపే. డబ్బు లేదన్న జవాబు ఇక్కడ నిలవదని నా అభిప్రాయం.

ఇక మనం చేయవలసింది. పదోన్నతికి దగ్గరపడినవారిని కనీసం ఏడాది ముందే గుర్తించి, అందులో ఒక విద్యా సంవత్సరపు సగభాగం వేరే బడిలో, చెయ్యి తిరిగిన ప్రధానోపాధ్యాయుడి దగ్గర పనిచేయించాలి. అతిథిలా కూర్చోబెడితే లాభం లేదు. టైం టేబుల్ తయారీ, ఒక తరగతిలో చదవలేని పిల్లల బాధ్యత, ఒక తల్లిదండ్రుల సమావేశం, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయుల పాఠాలు చూసి వారితో మాట్లాడటం, ఇవన్నీ ఆయన పేరు మీదే జరగాలి, తప్పొప్పులకు ఆయనే జవాబు చెప్పాలి. ఈత రానివాణ్ని నడి ఏట్లో దింపి ఒడ్డున నిలబడి సలహాలిచ్చే పద్ధతి ఇకనైనా మానుకుందాం. ఆ కాలంలో ఆయన సొంత బడిలోని తరగతులకు బదులు ఉపాధ్యాయుణ్ని ఇవ్వకపోతే, ఈ పథకం మొదటి నెలలోనే చతికిలబడుతుంది. పిల్లల పాఠాలు ఆగిపోతుంటే ఏ మంచి ఉపాధ్యాయుడూ నిశ్చింతగా శిక్షణకు వెళ్లడు, వెళ్లకూడదు కూడా.

పదవిలో చేరిన తర్వాత మొదటి రెండేళ్లు ఒక మార్గదర్శి తోడు ఉండాలి. ఆ మార్గదర్శి ఆయన పనితీరు నివేదిక రాసే అధికారి కాకూడదు. మార్కులు వేసేవాడి ముందు ఎవరూ తమ ఇబ్బంది విప్పి చెప్పుకోరు. ఉపాధ్యాయుల మధ్య తగాదా ఎలా తీర్చాలో, తరచూ ఆలస్యంగా వచ్చే సీనియర్‌తో ఏం మాట్లాడాలో తెలియక నిద్రపట్టని కొత్త ప్రధానోపాధ్యాయుడికి, ఫోను చేస్తే ఎత్తే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని వయసు చూసి ఎంచవద్దని కూడా విన్నవిస్తున్నాను. బడిని చక్కగా నడిపిన ప్రతివారికీ నేర్పడం వచ్చి ఉండదు. మార్గదర్శులకు కూడా ముందు తర్ఫీదు కావాలి.

గంటల లెక్క గురించి ఒక మాట. భారత జాతీయ విద్యా విధానం-2020 ప్రధానోపాధ్యాయులు ఏటా 50 గంటలు, ఆపైన వృత్తి వికాస కార్యక్రమాల్లో పాల్గొనాలని ఆశించింది, ఆ గంటల్లో నిర్వహణతోపాటు బోధనకు సంబంధించిన ప్రణాళికలనూ చేర్చింది. ఉద్దేశం మంచిదే. అయితే ఎక్కడైనా గంటలు లెక్కపెట్టడం మొదలైతే, అవి నింపే ఉపాయాలు వెంటనే పుట్టుకొస్తాయి. కంప్యూటర్ తెర మీద శిక్షణ వీడియో ఒక కిటికీలో ఆడుతుంటుంది, పక్క కిటికీలో జీతాల బిల్లు తయారవుతుంటుంది. శిక్షణ ఫలించిందో లేదో తెలియాలంటే ధ్రువపత్రాలు లెక్కపెట్టడం మాని, ఆ బడి పరిశీలన పుస్తకంలో వాక్యాలు మారాయా అని చూడటం మేలు.

చివరగా, ప్రధానోపాధ్యాయులు కాదలచుకోని అనుభవజ్ఞుల సంగతి. ఇరవై ఏళ్లుగా గణితం అద్భుతంగా చెబుతున్న ఉపాధ్యాయురాలికి పైకి వెళ్లేందుకు మనం చూపే తలుపు ఒక్కటే, అది తరగతి గది బయటికి తీస్తుంది. ఆమె అటు వెళితే పిల్లలు మంచి టీచరును పోగొట్టుకుంటారు, వెళ్లకపోతే ఆమె అనుభవం ఒక్క గదికే పరిమితమవుతుంది. సింగపూరులో నాయకత్వ మార్గంతో పాటు బోధన మార్గం కూడా ఉంది. అందులో ఉపాధ్యాయులు సీనియర్, లీడ్, మాస్టర్ టీచర్ హోదాల దాకా ఎదుగుతూ తోటివారికి నేర్పుతారు. మనం కూడా అలాంటివారికి వారంలో కొన్ని పీరియడ్లు తగ్గించి, కొత్త ఉపాధ్యాయుల పాఠాలు చూసి సాయపడే బాధ్యతను, దానికి తగిన హోదాను, జీతాన్ని ఇవ్వవచ్చు. ఇందాక చెప్పిన భిన్నాల సంభాషణను ప్రతిసారీ ప్రధానోపాధ్యాయుడే చేయనక్కర లేదు. అంత పని ఒక్కడి మీద వేస్తే ఎవరూ మొయ్యలేరు కూడా.

వచ్చే పదోన్నతుల జాబితా ఖరారయ్యేలోపే ఈ ఏర్పాటును కొద్ది బడుల్లోనైనా మొదలుపెట్టాలని ప్రార్థిస్తున్నాను. శిష్యరికానికి తగిన బడులను గుర్తించేటప్పుడు పరీక్షా ఫలితాల పట్టిక ఒక్కటే చూడకుండా, ఆ బడి ఉపాధ్యాయులను కూడా అడిగి తెలుసుకోవాలి. బదులు ఉపాధ్యాయుల నియామకానికి అవసరమైన నిధులను శిక్షణ బడ్జెట్‌లోనే చూపించాలి. వీటిపై శాఖ తీసుకునే నిర్ణయాన్ని, ఒకవేళ సాధ్యం కాదనుకుంటే అందుకు కారణాలను, ఉపాధ్యాయులందరికీ తెలిసేలా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సీనియర్ ఉపాధ్యాయుడు