నీలం మాత్ర మింగే వేళ

సంపాదకులు గారికి,

పదో తరగతికొచ్చిన ఆడపిల్ల పొద్దున్నే లేవకపోతే బద్ధకమంటాం. రెండంతస్తులెక్కి ఆయాసపడితే ఫోను చూసీ చూసీ వచ్చిన నీరసమంటాం. పచ్చి బియ్యం గుప్పెడు నోట్లో పోసుకుంటే ఇంకా చిన్నపిల్ల చేష్టలేనంటాం. నిజానికి బియ్యం, బలపం, మట్టి తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. తిట్టేముందు హిమోగ్లోబిన్ చూపించాలి. డెసీలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో అది పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కంటే, పదిహేను నిండిన అబ్బాయికి 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. మగపిల్లలకెందుకు వస్తుందిలే అనుకోవద్దు, ఎత్తు పెరిగే ఏళ్లలో వాళ్లకూ ఇనుము ఎక్కువే కావాలి.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా వారానికొక నీలం మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. చిక్కల్లా మింగే వేళతోనే. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, కడుపునొప్పి వస్తాయి. మర్నాడు మలం నల్లగా కనిపిస్తే పిల్ల హడలిపోయి, మరుసటి వారం మాత్రను సంచిలో దాచేస్తుంది. అన్నం తిన్నాక వేసుకోవాలనీ, నలుపు మామూలేననీ ముందే ఒక మాట చెబితే ఈ గొడవ ఉండదు.

ఇక టీ. ఇడ్లీ తిని వెంటనే గ్లాసెడు టీ తాగడం మన ఇళ్లలో పదమూడేళ్లకే మొదలవుతోంది. టీలోని వగరు పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. తిండికైనా మాత్రకైనా ముందూ వెనకా గంటసేపు టీ తాగకూడదు. కాఫీకీ, పాలకీ ఇదే లెక్క. క్యాల్షియం మాత్రకైతే ఇనుము మాత్రతో రెండు గంటల ఎడం ఉండాలి. పులుపు దీనికి ఎదురు పనిచేస్తుంది: తోటకూర పప్పులో నిమ్మరసం పిండినా, భోజనం తర్వాత జామకాయ తిన్నా ఆకుకూరలోని ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది. మాంసం తినే ఇళ్లలో వారానికోసారి కార్జం వండితే మరీ మంచిది. ఇనుప మూకుడులో పులుసుకూర చేస్తే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. దించగానే వేరే గిన్నెలోకి తీయకపోతే మాత్రం నల్లబడి పిల్లలు ముట్టరు. బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్న నమ్మకం దాని రంగు చూసి పుట్టిందే, అందులో ఇనుము స్వల్పం.

వారానికో మాత్ర రక్తహీనత రాకుండా ఆపడానికే. ఇప్పటికే తగ్గినవాళ్లకు రోజువారీ మోతాదు డాక్టరే రాయాలి. నెల వాడాక హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే మాత్రలు సరిగా మింగడం లేదో, లోపల వేరే కారణముందో వెతకాలి. నెలసరి ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా ఆ మాట అమ్మతోనే ఆగిపోకూడదు, అక్కడ మాత్ర ఒక్కటే చాలదు. కడుపులో పురుగులున్నా రక్తం తగ్గుతుంది కాబట్టి, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల నివారణ రోజుల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ (పురుగుల మాత్ర)ను నమిలించాలి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇనుము మాత్రల డబ్బా వాళ్లకందకుండా పైన పెట్టండి. నాలుగైదు మింగినా ప్రమాదం.

విద్యాశాఖకు ఒక విన్నపం. మాత్ర ఇచ్చే రోజున తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తెలుగులో రెండు వాక్యాలు పెట్టించండి: 'ఈరోజు నీలం మాత్ర ఇస్తున్నాం. పిల్లకు తినిపించి పంపండి.' మాత్రను మధ్యాహ్న భోజనం అయ్యాక టీచరు ఎదుటే మింగించాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టళ్లలో ఉన్న పిల్లలకూ ఈ మాత్ర, ఏడాదికో హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి