పిల్లలకి బెల్టు వేస్తే తప్పేంటి

ఎడిటర్ గారికి నమస్కారం. 2024 మేడారం జాతరకి మా రెండేళ్ల బాబుని తీసుకెళ్లాం, జంపన్నవాగు దగ్గర నేను బంగారం (అమ్మవార్లకి మొక్కు చెల్లించే బెల్లం) బుట్ట ఇంకో చేతికి మార్చుకునేలోపు వాడు చెయ్యి విదిలించుకుని జనంలోకి పోయాడు. బొమ్మల కొట్టు పరదా కింద దొరికాడు, ఒళ్లంతా ఎర్రమట్టి, ఏడుపు కూడా లేదు, మైకులో తప్పిపోయిన పిల్లల గుర్తులు చదువుతూనే ఉన్నారు, నాకైతే కాళ్లు ఆడలేదు.

అప్పట్నుంచి జనం ఉన్నచోట వాడికి బెల్టు వేస్తున్నా, అంటే పిల్లాడి ఒంటికి తొడిగి దాని పట్టీ కొస మనం చేత్తో పట్టుకునేది. మొన్న స్టేషన్లో ఒక పెద్దావిడ "కుక్కపిల్లని కట్టేసినట్టు కట్టేశావేంటమ్మా" అన్నారు, నలుగురిలో చాలా బాధేసింది. మా అమ్మమ్మ నడక నేర్పేటప్పుడు చంకల కింద తువ్వాలు వేసి పట్టుకునేది, ఇదీ అంతే కదండీ. కాకపోతే మెడకి తగలకుండా ఛాతీకి, భుజాలకి వచ్చేది తీసుకోవాలి, లాగకూడదు, ఎస్కలేటర్ దగ్గర ఎత్తుకోవాల్సిందే, నేనైతే చెయ్యి కూడా వదలను.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల దగ్గర పసిపిల్లలున్న వాళ్లకి ఇవి తక్కువ రేటుకి దొరికేలా అధికారులు చూడాలి, పిల్లలు కనపడకపోతే 1098కి ఫోన్ చెయ్యాలని బోర్డులు కూడా పెట్టించండి.

- ఒక తల్లి, హనుమకొండ