బెంగళూరు క్రిస్మస్ ట్రిప్: ఆదివారం కాదు, శనివారం

అన్నలకూ అక్కలకూ నమస్కారం. ఆదివారం చర్చి ఉంటుందని కొందరు చెప్పారు, అందుకే క్రిస్మస్ ముందు శనివారానికి మార్చాం. చిత్తూరులో పొద్దున ఐదుకే బండి కదులుతుంది. టిఫిన్ ముళబాగిలులో. అక్కడి దోసె తినకుండా దాటిపోతే మా ఇంటావిడ ఊరుకోదు.

నేరుగా ఫ్రేజర్ టౌన్‌కు పోదాం. బ్రిగేడ్ రోడ్డు లైట్లు బాగుంటాయి గానీ, అక్కడ లైట్ల కంటే తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. 1898లో ప్లేగు వచ్చాక కంటోన్మెంట్ ఇరుకు తగ్గించడానికి వేసిన పేట ఫ్రేజర్ టౌన్. చెట్ల నీడ, అక్కడక్కడా మిగిలిన పాత బంగళాలు, గుమ్మాలకు కాగితం నక్షత్రాలు. నిదానంగా నడిస్తేనే బాగుంటుంది. థామ్స్ బేకరీలో ప్లమ్ కేకుకు రద్దీ ఉంటుంది కాబట్టి ముందు కేకు, తర్వాతే ఫొటోలు. ప్లమ్ కేకులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల ఎండుద్రాక్షను రమ్ములో నానబెడతారు. తినని వాళ్లు ముందే అడిగి తీసుకోండి.

సాయంత్రం శివాజీనగర్‌లో సెయింట్ మేరీస్ బసిలికా చర్చి. అక్కడ మేరీమాతకు చీర కడతారు, మన ఆడవాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. పక్కనే రసెల్ మార్కెట్. బేరం తెలిసిన అక్కలు ముందుండండి, మేం సంచులు మోస్తాం.

చలి ఎక్కువ, పిల్లలకు స్వెట్టర్లు మర్చిపోవద్దు. వచ్చేవాళ్లు బుధవారం లోపు ఇక్కడే పేర్లు పెట్టండి. ఉత్త బొటనవేలు ఎమోజీ పెడితే సీటు ఉంచం.